ఇరవై నాలుగు పెట్టెలు, అయిదు టైర్లు

ముప్పై రెండేళ్ళుగా టైర్ల కొట్టు నడుపుతున్నాను. నా చేత తిట్లు తినకుండా మా గుమ్మం దిగిన మనిషి లేడు, తిట్లు తిన్నానని మళ్ళీ రాకుండా పోయిన మనిషీ లేడు. గాలి సగం పెట్టుకుని బరువు లాక్కొచ్చేవాళ్ళను తిడతాను. ట్రైలర్‌లో సామానంతా వెనక కొసకు పేర్చి, అది రోడ్డు మీద తోక ఊపుతుంటే "గాలికి ఊగుతోందండీ" అని నాకే చెప్పేవాళ్ళను ఇంకాస్త గట్టిగా తిడతాను. మా ఆయన బతికున్న రోజుల్లో "నువ్వు పెట్టింది కొట్టా, కొట్లాటా?" అని నవ్వేవాడు. ఆయన పోయాక అలా అనేవాళ్ళు లేక నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది.

మా కోడలు తేనెటీగలు పెంచుతుంది. ఇరవై నాలుగు పెట్టెలు. ఏ తోటలో పూత ఉంటే ఆ తోటకు పెట్టెలు చేర్చాలి, పూత రాలగానే ఇంకో తోట చూసుకోవాలి. మొదట్లో లారీ మాట్లాడుకునేది. లారీ వాళ్ళకు పెట్టె అంటే పెట్టే, లోపల ప్రాణం ఉందన్న ధ్యాస ఉండదు. ఎత్తి పడేస్తారు, గుంటల్లో దూకిస్తారు. ఒకసారి దించి చూసేసరికి మూడు పెట్టెల్లో రాణీగలు చచ్చిపోయి ఉన్నాయి. ఆ రోజంతా ఆ పిల్ల పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆ వారంలోనే పాత పికప్ ఒకటి, నాలుగు చక్రాల ట్రైలర్ ఒకటి చూసుకుని ఇంటికి తెచ్చింది. నాకు ముచ్చటేసింది. ట్రైలర్‌కు నాలుగు టైర్లూ, స్టెప్నీతో కలిపి అయిదు, నా కొట్లోంచే కానుకగా వేయించాను.

కానుకతో ఆగితే నేనెందుకవుతాను? బరువు లాగడం కూడా నేనే నేర్పాను. బరువులో సగానికి పైన ఇరుసుకు ముందు వైపే ఉండాలని నేర్పాను. గాలి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలని, ఆగిన చోటల్లా దిగి టైరు మీద చెయ్యి పెట్టి చూడాలని నేర్పాను. అన్నిటికంటే ఎక్కువగా ఒకటి బట్టీ పట్టించాను. ఆమె కూర తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా, నిద్రకు కళ్ళు మూతలు పడుతున్నా వదిలేదాన్ని కాదు.

"టైరు పేలింది. ఏం చేస్తావ్?"

"బ్రేకు ముట్టుకోను."

"ఇంకా?"

"స్టీరింగు గట్టిగా పట్టుకుంటాను, తిప్పను. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీస్తాను, ఒక్కసారిగా తియ్యను. బండి దానంతటదే నెమ్మదించాక పక్కకి తీసుకుంటాను. అత్తయ్యా, నన్ను పడుకోనిస్తారా?"

రెండేళ్ళు బాగానే నడిచింది. పోయిన నెల ఓ మలుపులో ట్రైలర్ వెనక మూల ఎవరిదో గేటు స్తంభానికి గీరుకుంది. గీత పడింది, అంతే. కానీ ఆ గీత మా అబ్బాయి కంటపడింది. మావాడు ఆఫీసులో కాగితాల మనిషి, కాగితం మీద లేని ప్రమాదాలు కూడా వాడికి కనిపిస్తాయి. ఇక చాలు, లారీయే అన్నాడు. ఈమె ససేమిరా అంది. మూడు రోజులు ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేవు. నాలుగో రోజు వాడే దిగొచ్చి ఓ షరతు పెట్టాడు.

"ఈసారి అమ్మ నీ పక్కన కూర్చుని వస్తుంది. తను సరేనంటే ఇక నేను నోరెత్తను. కాదంటే మాత్రం లారీ. అప్పుడు నువ్వు నోరెత్తకూడదు."

"అత్తయ్య మాటే నా మాట," అంది కోడలు, నా వైపు చూడకుండా. తీర్పు చెప్పే కుర్చీ దొరికినందుకు నేను లోలోపల పొంగిపోయాను, దాచడమెందుకు.

తెల్లవారకముందే ఈగలన్నీ లోపల ఉండగా పెట్టెల వాకిళ్ళు మూసి, పట్టీలు బిగించి, తెలతెలవారుతుండగా బయలుదేరాం. తొంభై కిలోమీటర్లు. ఎండ ముదిరేలోపు చేరి వాకిళ్ళు తెరవాలి. బండి కదులుతున్నంతసేపూ పెట్టెలకు గాలి తగులుతుంది, ఎండలో ఆగిపోతే లోపల వేడి పుట్టి ఈగలు ఉడికిపోతాయి. అందుకని ఆమె కళ్ళు రోడ్డు మీదా, గడియారం మీదా ఉన్నాయి. నా కళ్ళు ఆమె చేతుల మీద ఉన్నాయి.

దారి పొడుగునా సతాయించాను. అరవై దాటకు అన్నాను. దాటలేదని చూపించింది. ముందున్న బస్సుకు దగ్గరగా పోతున్నావన్నాను. ఇంకా వెనక్కి తగ్గింది. నలభయ్యో కిలోమీటరు దగ్గర ఆపి, నేను చెప్పకముందే దిగి నాలుగు టైర్ల మీదా చెయ్యి పెట్టి చూసి వచ్చింది. తప్పు పడదామంటే సందు దొరకలేదు. నాకు కాస్త గర్వంగానూ, కాస్త చిరాగ్గానూ ఉంది.

ఎనిమిదిన్నర అయింది. ఇంకో పాతిక కిలోమీటర్లు ఉందనగా వెనకనుంచి ఢామ్మని ఒక చప్పుడు. దాని వెంటే రేకుల మీద కర్రతో బాదుతున్నట్టు టపటపా దెబ్బలు. పికప్‌ను వెనకనుంచి ఎవరో పట్టుకుని ఎడమకు గుంజినట్టయింది. అద్దంలో చూస్తే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది. ఎదురుగా ట్యాంకరు వస్తోంది.

"బ్రేకు, బ్రేకు తొక్కవే!" అని గొంతు చించుకుని అరిచాను.

అరిచింది నేనే. ముప్పై రెండేళ్ళుగా ఊరందరికీ బ్రేకు తొక్కొద్దని చెప్పిన నేనే.

కోడలు తొక్కలేదు. కనీసం నా వైపు తిరగలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని సూటిగా రోడ్డు వైపే చూస్తోంది. మొదట కాలు కూడా తియ్యలేదు. ఊపు కాస్త సర్దుకున్నాక మెల్లగా తీసింది. ట్యాంకరు హారన్ మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోయింది. యాభై, నలభై, ముప్పై. ఊపు ఆగింది. రోడ్డు పక్కన లారీలు తూచే కాటా ఒకటి ఉంటే, దాని ముందున్న ఖాళీ జాగాలోకి నెమ్మదిగా దించి బండి ఆపింది.

ఇలాంటప్పుడు నా భయం భయంలా బయటికి రాదు, కోపంలా వస్తుంది. దిగీ దిగగానే మొదలుపెట్టాను.

"పెట్టెలు వెనక్కి పేర్చి ఉంటావు. లేకపోతే గాలి సరిగ్గా చూసి ఉండవు. ఎన్నిసార్లు చెప్పాను? చెవినిల్లు కట్టుకుని పోరానే."

ఆమె వంగి చూసింది. ఎడమ వైపు వెనక టైరు. నేల మీద ఆనే పైపట్టీ మొత్తం తొక్క ఒలిచినట్టు ఊడిపోయింది, దాని ముక్కే రేకుకు తగిలి టపటపలాడింది. పక్కలు మాత్రం అలాగే ఉన్నాయి.

"పొద్దున గాలి చూశానత్తయ్యా. నాలుగూ సరిగ్గానే ఉన్నాయి," అంది కాసేపటికి. "పెట్టెలే ఎక్కడో తేడాగా పెట్టానేమో. నా తప్పే అయ్యుంటుంది."

నేను కాదనలేదు. ఆమె జాకీ తెచ్చి పెట్టి, నట్లు విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూ విప్పుతూ, నాతో కాదన్నట్టుగా అంది, "ఇక లారీయేలెండి. మాటిచ్చాను కదా."

గొంతు మామూలుగానే ఉంది. సరిగ్గా అప్పుడే మావాడు ఫోన్ చేశాడు.

"చేరారామ్మా?"

"దార్లో టైరు పేలింది. ఇద్దరం బాగానే ఉన్నాం. ఈగలూ ఉన్నాయి."

ఇక వాడిది ఒకటే దండకం. "నేను చెప్పానా, లేదా? గేటుకి గీరినప్పుడే చెప్పాను. నువ్వే చెప్పమ్మా దానికి, ఇక లారీయే అని. నీ నోటితో చెప్పు, నీ మాటయితే వింటుంది."

కోడలు ఊడదీసిన చక్రాన్ని దొర్లించుకొచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది. ఇంతకాలం లోపలికి ఉన్న వైపు పైకి వచ్చి పడింది. దుమ్ములో నాలుగంకెలు కనిపించాయి. టైరు పుట్టిన తేదీ అది. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. లెక్క వేశాను. తప్పు లెక్క వేశానేమోనని మళ్ళీ వేశాను. తొమ్మిదేళ్ళు.

"తర్వాత చేస్తానురా," అని ఫోన్ పెట్టేశాను.

ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. ఎప్పుడో ఒకాయన పడవ లాగే ట్రైలర్‌కని టైర్లు తెప్పించమని చెప్పి, మళ్ళీ మొహం చూపించలేదు. ఆ టైర్లు వెనక గదిలో పరదా కింద ఉండిపోయాయి. కోడలు ట్రైలర్ తెచ్చిన రోజు పరదా తీస్తే నల్లగా నిగనిగలాడుతున్నాయి, కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. అప్పటికే వాటికి ఏడేళ్ళు. బయటివాడికైతే తేదీ చూడకుండా టైరు ఇవ్వను, అదే నా పేరు. ఇంటి మనిషికి ఇంటి సరుకని చూడలేదు. పైగా పెద్ద అక్షరాలున్న వైపు బయటికి పెట్టడం మా కొట్లో అలవాటు, చూపుకి బాగుంటుందని. తేదీ ఒక పక్కే వేస్తారు. అయిదుకు అయిదూ ఆ పక్క లోపలికి పోయింది. ఆ పిల్ల రోజూ చెయ్యి పెట్టి చూసినా గాడులు కొత్తవే, గాలి సరైనదే. రబ్బరు ముసలిదై పట్టు వదులుతోందని ఎలా తెలుస్తుంది?

అబద్ధమెందుకు, ఒక్క క్షణం కాలితో ఆ చక్రాన్ని తిరగేద్దామనిపించింది. అలా చేస్తే ఎవరికీ తెలియదు. తప్పు ఆమెదే అవుతుంది, రేపటినుంచి లారీ వస్తుంది, నా పేరు నాకుంటుంది. ఈలోపు ఆమె స్టెప్నీ దించి, ఎత్తి, బోల్టుల్లోకి దూరుస్తోంది.

"అమ్మాయ్, అది బిగించకు," అన్నాను.

"ఎండెక్కుతోందత్తయ్యా."

"అది తొమ్మిదేళ్ళ నాటిది. పేలిందీ అదే వయసు. తప్పు నీది కాదు, నాది. తేదీ చూడకుండా నీకు అంటగట్టాను."

ఆమె స్పానర్ పట్టుకుని అలాగే ఉండిపోయింది. "మిగతా మూడూ?" అంది.

"అవీ అంతే. అయిదూ ఒకేసారి వచ్చినవి."

కోప్పడుతుందనుకున్నాను. పెద్దగా అరిచినా బాగుండేది. మెల్లగా లేచి, చేతులు తుడుచుకుని, నా మొహంలోకి చూస్తూ అంది, "వారం వారం గాలి కొలిచాను. గాడుల్లో రాళ్ళు ఏరాను. వేడి చూశాను. తేదీ ఒక్కటే అడగలేదు, మీరిచ్చినవి కదా అని."

నాకు తల కొట్టేసినట్టయింది.

పెట్టెల్లో రొద పెరుగుతోంది. ఒక పెట్టె అడుగునుంచి తేనె చుక్కలుగా కారుతోంది, లోపల వేడికి మైనం మెత్తబడి తేనెపట్టు ఒకటి కూలినట్టుంది. అది చూడగానే నా బుర్ర పాడైపోయింది.

"మెల్లగా పోదాం. ఇరవైలో పోదాం. పాతికే కదా, ఏం కాదు," అన్నాను.

ఆమె వింతగా చూసింది. "ఈ మాట మీ కొట్టుకొచ్చి ఎవరైనా అంటే?"

"తిట్టి పంపిస్తాను."

"మరి?"

ఆమె అప్పటికే కాటా గది వైపు నడుస్తోంది. కాటా ఆయన యాభై దాటిన మనిషి, తేనెటీగలని వినగానే తలుపు సగం మూశాడు. కాటా షెడ్డు వెనక గోడ వారగా వరుస చెట్లున్నాయి, వాటి నీడ కావాలని అడిగింది. ఎన్నాళ్ళని అడిగాడు. ఈగలన్నీ రాత్రికి పెట్టెలకు చేరితేగాని కదల్లేను, రేపు తెల్లవారేదాకా అంది. కుడతాయా అని అడిగాడు. మీరు కుట్టకపోతే అవీ కుట్టవంది. పాపం, ఆయన నవ్వాలో వద్దో తేల్చుకోలేక సామాన్లు తోసే బండి ఒకటి చూపించి లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

ఇరవై నాలుగు పెట్టెలు. ఒక్కోటీ ముప్పై కిలోలు. ఆమె ఓ పక్క, నేనో పక్క పట్టుకుని దించి, తోపుడు బండి మీద నీడకు చేర్చాం. మొట్టమొదట తేనె కారుతున్న పెట్టె. నా నడుము పోయింది, మోకాళ్ళు పోయాయి, కిక్కురుమనలేదు. మధ్యలో ఒకసారి మాత్రం ఆగలేక అడిగాను.

"ఇందాక నేను బ్రేకు తొక్కమని అరిచాను. ఎందుకు తొక్కలేదు?"

"మీరు చెప్పిందే చేశానత్తయ్యా," అంది పెట్టె సర్దుతూ. "అప్పుడు అరిచింది కాదు. రెండేళ్ళుగా చెప్పింది."

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెమట తుడుచుకుంటున్నట్టు తుడుచుకున్నాను. ఆమె వరుసగా వాకిళ్ళు తెరుచుకుంటూ పోయింది. ఈగలు గుంపుగా బయటికొచ్చి, కొత్త చోటును చుట్టూ తిరిగి చూసుకుని, కాసేపటికి సర్దుకున్నాయి. కారిన పెట్టెలో రెండు పట్లు కూలి, కింద చాలా ఈగలు అంటుకుపోయి చచ్చిపోయాయి. రాణీగ బతికే ఉంది. చచ్చినవాటిని ఆమె ఒక్కతే చేత్తో తీసింది, నన్ను సాయం రానివ్వలేదు.

నీడలో కూర్చుని మావాడికి ఫోన్ చేశాను. కోడలికి వినబడేలా స్పీకర్ పెట్టాను.

"చెప్పావా దానికి?" అన్నాడు ఎత్తగానే.

"నీకు చెబుతున్నాను, విను. టైర్లు పాతవి. ఇచ్చింది నేను, చూడనిది నేను. ఒకటి పేలినప్పుడు మీ అమ్మ బ్రేకు తొక్కమని అరిచింది. నీ పెళ్ళాం నా మాట విని ఉంటే నువ్వు ఇప్పుడు వేరే ఫోన్ ఎత్తేవాడివి. మేమిద్దరం బతికి ఉన్నామంటే ఆ పిల్ల చేతి చలవ. తీర్పు నాదన్నావు కదా? ట్రైలర్ ఆ పిల్లే లాగుతుంది. లారీ మాట ఇంకోసారి ఇంట్లో వినబడకూడదు."

"నువ్వు తప్పు చేశావా?" అన్నాడు, అక్కడే ఆగిపోయి.

"చేశానురా. కావాలంటే కాగితం మీద రాసుకో."

కోడలు అటు తిరిగి నవ్వింది. పొద్దుటినుంచి అదే మొదటిసారి.

మూడు గంటలకు మా కొట్టు మేస్త్రి వ్యానులో వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా నా దగ్గరున్న మనిషి. ఏ వరసలోంచి ఏ టైర్లు తీయాలో ఫోన్లో పూస గుచ్చినట్టు చెప్పాను, అయిదూ రిమ్ములకు ఎక్కించి తెచ్చాడు. దించి గోడకు ఆనించాడు. నేను స్పానర్ అందుకున్నాను.

"ఆగండి," అంది కోడలు.

మొదటి టైరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక పక్క చూసింది, లేదు. తిప్పి రెండో పక్క చూసింది. చేతిరుమాలుతో తుడిచి, బొటనవేలు అంకెల కింద పెట్టి పైకి చదివింది. వారాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పక్కన పెట్టి రెండోది తీసుకుంది. మేస్త్రి నా మొహం చూశాడు. నా కొట్టు సరుకును నా ఎదుట అలా పట్టి పట్టి చూసిన మనిషిని వాడు ఇన్నేళ్ళలో చూడలేదు. ఇక తిట్లు మొదలవుతాయని రెండడుగులు వెనక్కి వేశాడు. నేను స్పానర్ పట్టుకుని నిలబడ్డాను.

అయిదో దాని దగ్గర ఎక్కువసేపు పట్టింది. అంకెలు సరిగ్గా అచ్చు పడలేదో, ఏమో. నేనే ఎంచి తెప్పించిన టైరని తెలిసి కూడా నేనూ మెడ చాచి చూశాను. ఆమె తొందరపడలేదు. వేలితో తడిమి, మరోసారి తుడిచి, చదివి, లేచి మోకాళ్ళు దులుపుకుంది.

"బాగున్నాయి," అంది. "బిగించండి."

నా టైరు బాగుందో లేదో నాకు ఒకరు చెప్పడం అదే మొదలు. కోపం రావాల్సింది, రాలేదు. స్పానర్ మేస్త్రికి ఇవ్వకుండా నేనే కింద కూర్చుని, ఆమె చూస్తుండగా ఒక్కో నట్టూ బిగించాను.